సలహా చెప్పేటాయనకు కూలి ఎవరిస్తున్నరు?

బాన్సువాడ దిక్కు ఒకరింట్ల పెద్ద పైసలు వడ్డయంటే అందరికంటె ముందు తెలిసేది సుట్టాలకు కాదు, సలహాలు చెప్పేటోళ్లకు. భూమి రిజిస్ట్రేషన్ అయిన వారంలనే బ్యాంకు నుంచి ఫోనొస్తది. "సార్, మీ పైసలు ఊకెనే పడి ఉన్నయి, మంచి స్కీం ఉన్నది" అంటరు. పాలసీలు చేసే అన్న ఇంటికే వస్తడు. ప్లాట్లు అమ్మేటాయన కారు పంపిస్తడు. చిట్టీ నడిపేటాయన పెద్ద చిట్టీ షురువైతుందని చెవిల వేస్తడు. దుబాయిల ఉన్న బామ్మర్ది వాట్సాప్‌ల ఏదో యాప్ లింకు వంపుతడు. అందరిదీ ఒక్కటే మాట: "మీ మంచికే చెప్తున్న."

వీళ్లల్ల దొంగ ఎవరు, దొర ఎవరు అన్నది నేను చెప్పబోతలేను. చానమంది మంచోళ్లే. నేను అడిగేది ఒక్కటే ప్రశ్న. ఈ సలహాకు కూలి ఎవరిస్తున్నరు? సలహా విన్న మనమా, లేకుంటె మనం కొన్న సరుకు కంపెనా? ఈ ఒక్క ప్రశ్న అడిగే అలవాటైతే మన పల్లెలల్ల సగం నష్టాలు ఆగుతయని నా నమ్మకం. ఎందుకో వివరంగ చెప్త.

మందుల దుకాణం, ఏఈఓ సారు

వరిల అగ్గితెగులు వచ్చిందనుకోండి. మచ్చలువడ్డ ఆకు తెంపుకొని మందుల దుకాణానికి పోతం. దుకాణాయన ఆకు దిక్కు సూసి నాలుగు డబ్బాలు ముంగట వెడ్తడు. అందుల రెండు నిజంగ అక్కెర ఉన్నయే కావచ్చు. మిగిలిన రెండు ఆయన దగ్గర నిల్వ ఉన్నయి, లేకుంటె మార్జిన్ ఎక్కువ ఉన్నయి. అదే ఆకు వట్టుకొని ఏఈఓ దగ్గరికో, రుద్రూర్ పరిశోధన కేంద్రం సైంటిస్టు దగ్గరికో పోతే మందు పేరు కాయితం మీద రాసిస్తరు. ఒక్కోసారి "ఇప్పుడు ఏ మందు కొట్టకు, ముందుగాల యూరియా ఆపు" అంటరు.

"ఏం కొనకు" అనే మాట దుకాణాయన నోట్లకెళ్లి వస్తదా? రాదు. ఆయన చెడ్డోడని కాదు, డబ్బా అమ్ముడువోకుంటె ఆయనకు పూటగడవది. ఏఈఓకు జీతం వేరేకాడికెళ్లి వస్తది కాబట్టి ఆయన నోరు ఆజాదుగ ఉంటది.

పైసల సంగతి గూడ ఇంతే. ఇన్సూరెన్సు ఏజెంటు, మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్, బ్యాంకుల "రిలేషన్‌షిప్ మేనేజర్" – వీళ్లంత దుకాణం దిక్కు నిలవడ్డోళ్లు. మన దిక్కు నిలవడేటాయనను ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ అంటరు. ఆయన ఏదీ అమ్మడు, ఏ కంపెనీ దగ్గర కమీషన్ తీసుకోడు. మనం ఫీజు ఇస్తం, ఆయన మనకు సలహా ఇస్తడు. అంతే లెక్క.

చట్టం ఏమంటది?

ఇది కొత్త ముచ్చట కాదు. అమెరికాల అడ్వైజర్ల కోసం 1940లనే చట్టం వచ్చింది. బ్రిటన్ 2012 డిసెంబర్ 31 నుంచి పెట్టుబడి సలహా మీద కంపెనీలు కమీషన్ ఇచ్చే పద్ధతినే బంద్ చేసింది. మన దేశంల సెబీ 2013 జనవరిల ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల రూల్స్ తెచ్చింది. 2020ల వాటిని ఇంకింత గట్టిగ చేసింది. అడ్వైజర్‌గ రిజిస్టర్ అయిన వ్యక్తి ఫండ్లు అమ్మి కమీషన్ తినుడు కుదరదు. అటు కూలి, ఇటు కూలి రెండూ నడవయి.

ఫీజుకు గూడ హద్దు వెట్టిన్రు. ఏడాదికి ఒక కుటుంబం దగ్గర 1,51,000 రూపాయలు దాటి తీసుకోరాదు. లేకుంటె సలహా కింద ఉన్న ఆస్తి మీద 2.5 శాతం దాటరాదు. ఇవి పై హద్దులు. మామూలుగ తీసుకునేది గింతకంటె చాన తక్కువ ఉంటది. ఫీజు నగదుగ ఇచ్చుడు లేదు, బ్యాంకు ద్వారనే పోవాలె. ముందుగాల రాతపూర్వకంగ అగ్రిమెంట్ ఉండాలె. మనం ఎంత నష్టం తట్టుకోగలమో అడిగి తెలుసుకోకుండ సలహా ఇయ్యరాదు. "ఇంత లాభం పక్కా" అని హామీ ఇచ్చుడు అసలే నడవది.

పేర్ల కాడ జర జాగ్రత్త. కమీషన్ మీద ఫండ్లు అమ్మేటోళ్లు ఏండ్లకేండ్లు "ఇండిపెండెంట్ ఫైనాన్షియల్ అడ్వైజర్" అని బోర్డులు వెట్టుకున్నరు. గా పేరు వాడొద్దని సెబీ 2020లనే చెప్పింది. అయినా ఊర్లల్ల పాత బోర్డులు, పాత విజిటింగ్ కార్డులు ఇంకా కనవడ్తయి. బోర్డు కాదు, నంబరు సూడాలె. సెబీ అడ్వైజర్ నంబరు "ఐఎన్ఏ" అక్షరాలతోని షురువైతది. ఫండ్లు అమ్మేటాయనకు ఉండేది "ఏఆర్ఎన్" నంబరు. రెండు నంబర్లూ చట్టబద్ధమే గానీ, రెండు పనులు వేరు.

ఇగ సంఖ్యలు సూడుండ్రి. ఒక్క ఎల్ఐసీకే 13 లక్షలకు పైన ఏజెంట్లున్నరు. ఏఆర్ఎన్ నంబరు ఉన్నోళ్లు లక్ష దాటిన్రు. సెబీ దగ్గర రిజిస్టర్ అయిన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్లు దేశం మొత్తం మీద వెయ్యికి అటుఇటు. అమ్మేటోళ్ల జాతరల సలహాదారును లాంతరు వట్టి దేవులాడాలె. వాళ్లల్ల ఎక్కువమంది పెద్ద పట్నాలల్లనే ఉంటరు. అందుకే ఇది శ్రీమంతుల పని అని మనోళ్లు అటుదిక్కే సూడరు.

కమీషన్ ఎంత, ఫీజు ఎంత?

"సలహాకు పైసలెందుకియ్యాలె? మా అన్న ఫుకట్ల చెప్తడు" అనేటోళ్లు మస్తుమంది. ఫుకట్ల చెప్పినట్టు కనవడ్తది గానీ, కూలి మన పైసలకెళ్లే కట్ అయితది.

మ్యూచువల్ ఫండు ఒక్కటే అయినా అందుల రెండు రకాలుంటయి: రెగ్యులర్, డైరెక్ట్. రెగ్యులర్‌ల అమ్మినాయనకు ఏటేటా కమీషన్ పోతది. 2013 జనవరి నుంచి వచ్చిన డైరెక్ట్‌ల అది ఉండది. ఈక్విటీ ఫండ్లల రెండిటి నడుమ తేడా మామూలుగ ఏడాదికి అర శాతం నుంచి ఒక శాతం దాకా ఉంటది. ఒక శాతమే గదా అనుకుంటం. లెక్క వెయ్యుండ్రి. 10 లక్షలు 20 ఏండ్లు ఏటా 11 శాతం పెరిగితే 80 లక్షల 60 వేల దాకా అయితయి. అదే 10 శాతం పెరిగితే 67 లక్షల 30 వేల కాడ ఆగుతయి. తేడా 13 లక్షలు. ఈ 11, 10 శాతాలు లెక్క కోసం తీసుకున్నయే, గింతే వస్తయని ఎవరూ చెప్పలేరు. కానీ తేడా మాత్రం గట్లనే పెరుగుతది.

పొదుపు కలిసిన ఇన్సూరెన్సు పాలసీలల్ల కమీషన్ ఇంకెక్కువ. మొదటి ఏడు కట్టిన ప్రీమియంల పావు వంతు దాటి ఏజెంటుకు పోయే పాలసీలున్నయి. ఉత్త ప్రాణానికే బీమా ఇచ్చే టర్మ్ పాలసీ ఉంటది సూడుండ్రి, 30 ఏండ్ల ఆరోగ్యమైన మనిషికి 50 లక్షల బీమా అంటే ఏడాదికి పది వేలకు అటుఇటు ప్రీమియం అయితది. ప్రీమియమే చిన్నదైతే కమీషన్ ఎంత వస్తది? అందుకే టర్మ్ పాలసీ వట్టుకొని మన వాకిట్లకు ఎవరూ రారు.

ఇప్పుడు రెండో దిక్కు గూడ నిజం చెప్పాలె. అడ్వైజర్ ఏడాదికి 25 వేల ఫీజు తీసుకుంటడనుకుందం. మీ పెట్టుబడి 5 లక్షలే అయితే అది 5 శాతం అయినట్టు. అంత మోయలేం. కమీషన్ ఏజెంటే అగ్గువ వడ్తడు. 25 లక్షల కాడ ఒక శాతం కమీషనూ, 25 వేల ఫీజూ సరిసమానం. 60 లక్షల మీద కమీషన్ ఏటా 60 వేలు, ఫీజు అదే 25 వేలు. అంటే పెద్ద పైసలున్నోళ్లకే ఏటేటా ఫీజు ఇచ్చుడు గిట్టుబాటు. ఇది శ్రీమంతుల పని అనే మాటల గింత నిజం ఉన్నది.

కానీ మన ఊర్లల్ల శ్రీమంతుడు ఎట్ల తయారైతడు? నిజాంసాగర్ కాలువ కింద తాతల నుంచి దున్నుకుంట వచ్చిన రైతు, రోడ్డు పక్కపొంటి రెండెకరాలు అమ్మితే ఒక్క దినంల ఆ 25 లక్షల గీత దాటుతడు. పట్నపు శ్రీమంతునికి ఇరవై ఏండ్లల నేర్చుకునే టైం దొరుకుతది, పక్కన ఆడిటర్ ఉంటడు. మన రైతుకు ఉదయం రిజిస్ట్రేషన్, సాయంత్రం ఏజెంట్లు. పైసలు వస్తయి గానీ, పైసలతోని రావాల్సిన సలహాదారు రాడు. ప్రమాదమంత గీడనే ఉన్నది.

60 లక్షలు వచ్చిన ఇల్లు

ఉదాహరణకు ఒక ఇల్లు అనుకుందం. నాలుగెకరాలల్ల రెండు అమ్మిన్రు, 60 లక్షలు వచ్చినయి. కొడుకు గల్ఫ్‌ల ఉన్నడు, బిడ్డ డిగ్రీ సదువుతుంది, ఇంట్ల 4 లక్షల అప్పున్నది. అమ్మేటాయన వస్తే "60 లక్షలా? పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్ సర్వీసుల వెడ్దం" అంటడు. 50 లక్షలు కనీసం ఉంటేనే అందుల చేర్చుకుంటరు కాబట్టి ఆయనకు మన ఇల్లు పండుగ లెక్క కనవడ్తది. స్వతంత్ర సలహాదారు అయితే సరుకుతోని కాదు, ప్రశ్నలతోని షురువు చేస్తడు.

మొదటి ప్రశ్న: అమ్మిన భూమి ఎక్కడున్నది? 10 వేలకు పైన, లక్షకు లోపు జనాభా ఉన్న మున్సిపాలిటీ అయితే, దాని హద్దుల లోపల గానీ, హద్దు నుంచి 2 కిలోమీటర్ల లోపు గానీ ఉన్న సాగుభూమి ఇన్‌కం ట్యాక్స్ లెక్కల పల్లె భూమి కాదు. అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను వడ్తది. బాన్సువాడ ఇప్పుడు మున్సిపాలిటీ. అంటే ఊరికి ఆనుకొని ఉన్న చేనుకూ, దూరంల ఉన్న చేనుకూ పన్ను లెక్క ఒక్కటి గాదు. లాభం మీద 12.5 శాతం అంటే ఈ ఇంటికి ఏడెనిమిది లక్షల దాకా పోవచ్చు. ఇంటోళ్లు సాగు చేసుకున్న భూమి అయితే, రెండేండ్లల వేరేకాడ సాగుభూమి కొంటె ఆ మేరకు మినహాయింపు ఉన్నది. ఇది తెల్వక మొత్తం పైసలు స్కీంలల్ల ఇరికించినోళ్లు నోటీసు వచ్చినంక తల వట్టుకుంటరు. ఈ లెక్క ఆడిటర్‌తోని సరిసూపించుకోవాలె గానీ, అడగాలన్న సోయి ముందుగాల ఉండాలె గదా.

రెండో ప్రశ్న: అప్పు ఎంత వడ్డీకి ఉన్నది? నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. అప్పు తీర్చుడే 24 శాతం పక్కా లాభం. ఏ ఫండూ అంత పక్కాగ ఇయ్యది. కానీ అప్పు తీర్చమని చెప్తే అమ్మేటాయనకు కమీషన్ రాదు, అందుకే ఆ మాట ఆయన నోట్లకెళ్లి రాదు.

మూడో ప్రశ్న: ఇంటి పెద్దకు ఏమన్న అయితే? రైతుబీమా 5 లక్షలు పట్టాదారు పాసుబుక్కు ఉన్న 18 నుంచి 59 ఏండ్ల రైతుకే వస్తది. రెండెకరాలు మిగిలినయి కాబట్టి ఈ ఇంటికి ఫికరు లేదు. మిగిలిన భూమి గూడ అమ్మితే పట్టాతోని బీమా గూడ పోతది. భూమి అమ్మేటప్పుడు ఈ సంగతి యాది చేసేటోళ్లు ఎందరున్నరు?

నాలుగో ప్రశ్న: కొడుకు గల్ఫ్ పైసలు ఏ ఖాతాలకు వస్తున్నయి? ఎన్ఆర్ఈ ఖాతా అయితే దాని మిత్తి మీద ఇక్కడ పన్ను లేదు. చానమంది పాత మామూలు సేవింగ్స్ ఖాతానే వాడుతున్నరు. బయటి దేశానికి పోయి ఎన్ఆర్ఐ అయినంక అది మార్పించుకోవాలన్నది రూల్.

ఐదో ప్రశ్న: పైసలన్ని ఒక్క బ్యాంకులనే ఉన్నయా? బ్యాంకు మునిగితే ఒక మనిషికి ఒక బ్యాంకుల 5 లక్షల దాకానే డిపాజిట్ బీమా ఉన్నది.

ఇవన్ని అయినంకనే బిడ్డ సదువు ఎప్పుడు, పెండ్లి ఎప్పుడు, ఏ పైసలు ఎన్నేండ్లు ముట్టుకోకుండ ఉండొచ్చు అన్న లెక్క. ఆ లెక్కల నుంచే ఎంత డిపాజిట్, ఎంత ఫండు అన్నది తేలుతది. సరుకు ఆఖరుకు వస్తది. అమ్మేటాయన దగ్గర సరుకే మొదలు వస్తది.

పైసలు ఆయన చేతికి ఇయ్యొద్దు

స్వతంత్ర సలహాదారు మన పైసలు ముట్టడు. కాయితం మీద చెప్తడు, మనమే మన ఖాతా నుంచి వెడ్తం. ఈ గీత ఎందుకు ముఖ్యమో హైదరాబాద్‌ల పుట్టిన కార్వీ కథ చెప్తది. కార్వీ స్టాక్ బ్రోకింగ్ దేశంల పేరువడ్డ కంపెనీ, రిజిస్ట్రేషన్ అన్ని ఉన్నయి. క్లయింట్లు ఇచ్చిన అధికారాన్ని అడ్డం వెట్టుకొని వాళ్ల షేర్లనే తాకట్టు వెట్టి అప్పులు తెచ్చింది. 2019 నవంబర్ 22న సెబీ కొత్త క్లయింట్లను తీసుకోవద్దని ఆపింది. 2023 ఏప్రిల్‌ల కంపెనీని, దాని చైర్మన్‌ను ఏడేండ్లు మార్కెట్ నుంచి బయటవెట్టింది. పేరు పెద్దదైనంత మాత్రాన ఖాతా తాళంచెవి ఇయ్యొద్దన్నది దాని పాఠం.

రిజిస్ట్రేషనే లేనోళ్ల కథ ఇంకో తీరు. 2025 ఫిబ్రవరిల ఫాల్కన్ ఇన్వాయిస్ డిస్కౌంటింగ్ కేసు బయటవడ్డది. పెద్ద కంపెనీల బిల్లుల మీద పైసలు వెడ్తున్నమని చెప్పి, ఏడు వేల మంది దగ్గర 1,700 కోట్ల దాకా వసూలు చేసిన్రని సైబరాబాద్ పోలీసులు చెప్పిన్రు. 22 శాతం దాకా లాభం ఆశ చూపిన్రు. అందుల వెట్టినోళ్లు అక్షరం రానోళ్లు కాదు, యాప్ వాడెటోళ్లే.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఇగ మీ ఫోన్ల సంగతి. టెలిగ్రాంల "ఆప్షన్ల టిప్స్" ఇచ్చేటోని కూలి ఎవరిస్తున్నరు? ఒక్కోసారి మీరు కట్టే గ్రూపు ఫీజు, ఒక్కోసారి మీతోని బ్రోకర్ ఖాతా తెరిపిచ్చినందుకు వచ్చే కమీషన్. మీరు గెలిచినా ఓడినా వాని కూలి వానికి ముడ్తది. 2024 సెప్టెంబర్‌ల సెబీ ఇచ్చిన లెక్క ప్రకారం మూడేండ్లల ఫ్యూచర్స్, ఆప్షన్లు ఆడిన మామూలు జనంల 93 శాతం మంది నష్టపోయిన్రు. పోయినయి మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు.

ఫీజు తీసుకున్నంత మాత్రాన

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలె. ఫీజు అడ్వైజర్లంత మేధావులు కారు. ఫీజు తీసుకొని తెలివితక్కువ సలహా ఇచ్చేటోళ్లు గూడ ఉంటరు. స్వతంత్రం వేరు, సత్తా వేరు. ఇంకోదిక్కు, ఇంటి పెద్ద సచ్చిపోతే క్లెయిం కాయితాలు వట్టుకొని ఆఫీసుల సుట్టు తిరిగి, ఆడమనిషికి పైసలు ఇప్పిచ్చిన పాలసీ ఏజెంట్లు మన ఊర్లల్ల ఉన్నరు. గా సేవకు విలువ కట్టలేం. కమీషన్ తినుడు నేరం కాదు. కమీషన్ ఉన్న సంగతి దాచిపెట్టి దాన్ని ఉత్త ప్రేమ లెక్క సూపిచ్చుడే తప్పు.

అందుకే నేను చెప్పేది ఏజెంటును ఎల్లగొట్టుమని కాదు. పెద్ద పైసలు వచ్చినప్పుడు ఒక్కసారి, ఏదీ అమ్మని మనిషితోని మాట్లాడి ప్లాన్ రాయించుకోమని. ఏటేటా ఫీజు అక్కెర లేదు, ఒక్కసారికి ఫీజు తీసుకొని ప్లాన్ ఇచ్చేటోళ్లు ఉన్నరు, వీడియో కాల్‌ల మాట్లాడ్తరు. 60 లక్షల పొలం అమ్మినప్పుడు బ్రోకర్‌కు ఒక శాతం అంటే 60 వేలు మారు మాట్లాడకుండ ఇస్తం. ఆ 60 లక్షలను కాపాడుకునే తెలివికి 20 వేలు ఇయ్యనీకి మనసొప్పది. ఈ లెక్క మారాలె.

ఇందుల సదువుకున్న పిల్లలకు ఒక దారి గూడ ఉన్నది. అనుభవం ఉండాలన్న నిబంధన 2024 డిసెంబర్‌ల తీసేసిన్రు. కామర్స్, ఎకనామిక్స్, ఫైనాన్స్ లాంటి డిగ్రీ, ఎన్ఐఎస్ఎం పెట్టే రెండు పరీక్షల సర్టిఫికెట్లు, 150 మంది క్లయింట్ల దాకా లక్ష రూపాయల డిపాజిట్ – వీటితోని అడ్వైజర్‌గ రిజిస్టర్ కావచ్చు. వేరే పని చేసుకుంట 75 మంది క్లయింట్ల దాకా పార్ట్‌టైం చేసే వీలు గూడ ఇచ్చిన్రు. మన యాసల మాట్లాడే, వరి పైసలు ఎప్పుడు వస్తయో తెలిసిన, గల్ఫ్ ఇంటి కష్టం ఎరిగిన అడ్వైజర్ బాన్సువాడ, బీర్కూర్, వర్ని దిక్కు ఒక్కరు లేసినా ఎన్నో ఇండ్లు నిలవడ్తయి.

అందాక మీ ఇంట్ల సదువుకున్నది మీరే. అమ్మకో, బాపుకో ఎవరన్న స్కీం చెప్పవస్తే పక్కన కూసోని నాలుగు మాటలు అడగుండ్రి. దీంట్ల మీకెంత వస్తది? మీ రిజిస్ట్రేషన్ నంబరేంది? మధ్యల పైసలు కావాలంటె ఎంత కోసుకుంటరు? పైసలు ఏ ఖాతాలకు పోతున్నయి? నంబరు సెబీ వెబ్‌సైట్‌ల సూడుండ్రి. సెబీ రిజిస్ట్రేషన్ ఉన్నోళ్లు పైసలు తీసుకునే యూపీఐ ఐడీల "వ్యాలిడ్" అన్న గుర్తు ఉంటది, సెబీ చెక్‌ల సరిసూసుకోవచ్చు. అడిగినందుకు కోపానికి వచ్చెటాయనతోని అక్కడనే దండం వెట్టుండ్రి. నిమ్మళంగ జవాబు చెప్పెటాయనతోని మాట్లాడుండ్రి, ఆయన కమీషన్ ఏజెంటే అయినా సరే.

ఆఖరుకు ఇంకొక్కటి అడగుండ్రి: "మేం ఇప్పుడు ఏదీ కొనకుంటె మీకేమన్న నష్టమా?" ఆ జవాబుల ఆయన ఎవరి దిక్కు నిలవడ్డడో ఎర్కైతది.